215 గంటల సీపీఎల్‌తో జీతమొచ్చే ఫ్లయింగ్ ఎక్కడ దొరుకుతుంది? ముందు మీ ఐఆర్ తేదీ చూసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఉండేది హైదరాబాద్‌లో. సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్), మల్టీ ఇంజిన్, పరికరాలు చూసి నడిపే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (ఐఆర్) చేతికొచ్చి 14 నెలలైంది. మొత్తం 215 గంటలు. బ్యాంకు అప్పు 60 లక్షలు. ఒక ఎయిర్‌లైన్ రాతపరీక్షలో పోయింది, ఇంకోదాన్నుంచి పిలుపే రాలేదు. ఇప్పుడు మరో 18 లక్షలు తెచ్చి ఏ320 టైప్ రేటింగ్ (ఒక రకం విమానం నడపడానికి విడిగా తీసుకునే అర్హత) చేయాలా, ఇన్‌స్ట్రక్టర్ అవ్వాలా, విదేశం వెళ్లాలా?

సూటిగా చెప్పాలంటే: టైప్ రేటింగ్ ఇప్పుడు వద్దు. ఈ నెలలోనే ఐఆర్, మెడికల్ (ఆరోగ్య పరీక్ష సర్టిఫికెట్) బతికించుకోండి. ఆ వెంటనే అసిస్టెంట్ ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్ (ఏఎఫ్ఐ) రేటింగ్ మొదలుపెట్టండి. మన దేశంలో 200 గంటల మనిషికి నమ్మకంగా జీతమిచ్చి ఎగరనిచ్చే పని ఎయిర్‌లైన్ కుడి సీటు (కో పైలట్ సీటు) తర్వాత అదొక్కటే. ఆ పని చేస్తూనే ఎయిర్‌లైన్ ప్రకటన పడిన ప్రతిసారీ దరఖాస్తు పెట్టండి, చార్టర్ ఆపరేటర్లను అడుగుతూ ఉండండి. విదేశం మాట ఆఖర్న చూద్దాం.

మీ ప్రశ్న చదవగానే నా కన్ను పడింది 60 లక్షల మీద కాదు, 14 నెలల మీద. ఐఆర్ చెక్ గడువు 12 నెలలు. మీ వయసులో క్లాస్ 1 మెడికల్ గడువూ 12 నెలలే. ఈ రెండూ రెన్యూ చేయించానని మీరెక్కడా రాయలేదు. ఎయిర్‌లైన్ ఫారంలో ఆ రెండు తేదీలకూ గడులుంటాయి. గడువు దాటిన తేదీ కనిపిస్తే మిగతా ఫారం చదివే పని ఎవరూ పెట్టుకోరు. ఎందుకంటే బ్యాచ్ ఖరారయ్యాక సిమ్యులేటర్ స్లాట్లు ముందే బుక్ అయి ఉంటాయి, ఒకరి మెడికల్ కోసం ఆ స్లాట్ ఖాళీగా ఉంచడం వాళ్లకు కుదరదు. పిలుపు రాకపోవడానికి ఇదే కారణమని ఒట్టేసి చెప్పలేను గానీ, ఎవరి ఫైలు చూడమన్నా నేను మొదట చూసేది ఈ రెండు గడులే.

ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది. 2023 అక్టోబర్ నుంచి సీపీఎల్ గడువు ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెరిగింది. కార్డు మీద 2034 అనో 2035 అనో కనబడేసరికి అంతా బాగానే ఉందనుకుంటారు. లైసెన్స్ బతికే ఉంటుంది, దాని మీది రేటింగ్ మాత్రం చచ్చిపోయి ఉంటుంది.

ముందు సరిచూసుకోవాల్సిన కాగితాలు

ఐఆర్ రెన్యువల్ చెక్‌కి మీరు చేసిన మల్టీ ఇంజిన్ విమానం, అంటే డీఏ42 గానీ సెనెకా గానీ పీ2006టీ గానీ, ఎక్కడ దొరుకుతుందో, ఆ ఫ్లయింగ్ బడిలో ఎగ్జామినర్ ఎప్పుడుంటారో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. విమానం మెయింటెనెన్స్‌లో ఉంది, ఎగ్జామినర్ సెలవులో ఉన్నారు అంటూ మూడు వారాలు ఇట్టే పోతాయి. ఏడాదిగా ఎగరలేదు కాబట్టి చెక్‌కి ముందు రెండు మూడు గంటలు డ్యూయల్ (ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి ఎగరడం) పెట్టుకోండి. డబ్బు మిగులుతుందని నేరుగా చెక్‌కి కూర్చుని, ఒక ఇంజిన్‌తో చేసే అప్రోచ్‌లో తప్పి, మళ్లీ మొత్తం కట్టినవాళ్లున్నారు.

మెడికల్‌కి బరువు, చెవి పరీక్ష, రక్తపోటు ఈ మూడింటి దగ్గరే ఎక్కువమంది ఇరుక్కుంటారు. గడువు ముగియడానికి నెలన్నర ముందే అపాయింట్‌మెంట్ పెట్టుకుంటే, ఏదైనా టెస్టు మళ్లీ చేయించమన్నా తేదీ దాటిపోదు.

ఇంగ్లిష్ ప్రొఫిషియెన్సీ లెవెల్ 4 అయితే మూడేళ్లు, లెవెల్ 5 అయితే ఆరేళ్లు, లెవెల్ 6 అయితే మళ్లీ రాయక్కర్లేదు. తేదీ చూసుకోండి. ఆర్‌టీఆర్ (రేడియోలో మాట్లాడే లైసెన్స్) మీకు ఎలాగూ వచ్చేసింది. ఇంకా రాయాల్సినవాళ్లు ఈ జవాబు చదువుతుంటే, 2025 జనవరి 1 నుంచి కొత్త చట్టం కింద అది టెలికం శాఖ నుంచి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చేతికి వచ్చింది. పాత వీడియోలు చూసి పాత చిరునామాలకు పరుగెత్తకండి.

పేరు సంగతి మన తెలుగువాళ్లకు ప్రత్యేకమైన తలనొప్పి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విడదీసి ఉంటుంది, లైసెన్స్‌లో మూడో రకంగా ఉంటుంది. ఉద్యోగం వచ్చాక ఎయిర్‌పోర్ట్ ఎంట్రీ పాస్ కోసం పోలీస్ వెరిఫికేషన్, బ్యాక్‌గ్రౌండ్ చెక్ జరుగుతాయి. తేడాలు బయటపడేది అప్పుడే, జాయినింగ్ ఆగేదీ అప్పుడే. మూడింటినీ పక్కపక్కన పెట్టి ఇవాళే చూడండి. సరిచేయించడానికి పట్టే కాలం ఇప్పుడు మీ దగ్గరుంది, ఆఫర్ లెటర్ వచ్చాక ఉండదు.

లాగ్‌బుక్: ప్రతి పేజీ అడుగున కూడిక సరిపోవాలి, డీజీసీఏ పోర్టల్ ఈజీసీఏలో ఎక్కించిన గంటలతో కలవాలి. సీపీఎల్‌కి అడిగే 200 గంటలు, అందులో 100 పీఐసీ (విమానం బాధ్యత మీదిగా నడిపిన గంటలు), 300 నాటికల్ మైళ్ల ప్రయాణం, ఐఆర్‌కి అడిగే 50 గంటల క్రాస్ కంట్రీ పీఐసీ, ఇవన్నీ వేలు పెట్టి చూపించగలిగేలా చిన్న రంగు స్టిక్కర్లు అంటించుకోండి. అమెరికాలో నేర్చుకున్నవాళ్లకు ఇక్కడో గొయ్యి ఉంది. అక్కడి నిబంధన ప్రకారం పీపీఎల్ (ప్రైవేట్ పైలట్ లైసెన్స్) వచ్చాక ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చున్నా, కంట్రోల్స్ మీ చేతిలో ఉంటే పీఐసీగా రాసుకోవచ్చు. మన దగ్గర డ్యూయల్ అంటే డ్యూయలే. అక్కడ 140 పీఐసీ అని రాసి ఉన్న లాగ్‌బుక్‌ని ఇక్కడి లెక్కలో విడదీస్తే 100కి తక్కువపడిన సందర్భాలున్నాయి. మీరలా చేసి ఉంటే ఎవరో పట్టుకునేదాకా ఆగకుండా విడిగా ఒక కాలమ్ గీసి తేల్చుకోండి.

పెన్నుతో గంటలు పెంచడం గురించి ఒక్క మాట చాలు. 2011లో నకిలీ మార్కుల లిస్టులతో లైసెన్సులు తీసుకున్నవాళ్లను అరెస్టు చేసినప్పటి నుంచి పరిశీలన చాలా గట్టిపడింది. విమానం టెక్ లాగ్‌లో (దాని సొంత రికార్డు పుస్తకంలో) ఆ రోజు ఆ విమానం హ్యాంగర్లో ఉందని ఉంటే, మీ లాగ్‌బుక్‌లో అది గాల్లో ఉండటానికి వీల్లేదు.

టైప్ రేటింగ్ ఇప్పుడెందుకు వద్దంటున్నాను

60 లక్షలకు 11 శాతం వడ్డీతో పదేళ్ల అప్పంటే నెలకు సుమారు 82 వేల 600 కట్టాలి. దాని మీద 18 లక్షలు కలిపితే ఇంకో 24 వేల 800. అంటే లక్షా ఏడు వేలు, ఉద్యోగం ఉన్నా లేకపోయినా. ఇది ఒక కారణం. రెండోది ఇంకా ముఖ్యం: టైప్ రేటింగ్ పాలప్యాకెట్ లాంటిది. గ్రౌండ్ క్లాసులు, సిమ్యులేటర్ సెషన్లు, స్కిల్ టెస్ట్, ఆ తర్వాత అసలు విమానం మీద బేస్ ట్రైనింగ్, అప్పుడు గానీ లైసెన్స్ మీద ఎక్కదు. ఎక్కాక కూడా ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో ప్రొఫిషియెన్సీ చెక్ అవసరం. ఉద్యోగంలో ఉంటే ఆ ఖర్చు కంపెనీది, ఇంట్లో కూర్చుంటే మీది. ఏడాది ఖాళీగా ఉన్న టైప్ రేటెడ్ మనిషిని తీసుకోవడం కన్నా కొత్తవాణ్ని మొదట్నుంచీ తమ పద్ధతిలో తయారు చేసుకోవడమే ఎయిర్‌లైన్‌కి సులువు.

మూడోది, ఏ విమానం మీద చేయాలన్నది మీ చేతిలో లేదు. ఏ320 చేసి కూర్చుంటే, ముందు పిలిచేది 737 నడిపే ఎయిర్‌లైన్ కావచ్చు, ఏటీఆర్ (చిన్న ప్రొపెల్లర్ విమానం) నడిపేది కావచ్చు.

అయితే ఎప్పుడు చేయొచ్చు? ఒక ఎయిర్‌లైన్ మీ రాతపరీక్ష, సిమ్ చెక్ (సిమ్యులేటర్ పరీక్ష), ఇంటర్వ్యూ అన్నీ పూర్తిచేసి, పలానా సంస్థలో టైప్ రేటింగ్ చేసి రండి, చేరే తేదీ ఇది అని షరతులతో సహా రాతపూర్వకంగా ఇస్తే చేయండి. ఆ కాగితంలో బేస్ ట్రైనింగ్ ఎవరి ఖర్చో రాసి ఉందో లేదో చూడండి. సిమ్యులేటర్ వరకు ఒక ధర చెప్పి బేస్ ట్రైనింగ్ దగ్గర ఇంకో నాలుగైదు లక్షలు అడగడం ఈ రంగంలో వింతేమీ కాదు.

ఎయిర్‌లైన్లు ఒక్కసారిగా వందల్లో తీసుకుని తర్వాత ఏడాదిపాటు తలుపెందుకు మూసేస్తాయో అర్థమైతే మీ నిద్ర కొంచెం బాగుపడుతుంది. వాళ్లకు అడ్డం పడేది సీట్ల కొరత ఒక్కటే కాదు. కొత్త ఫస్ట్ ఆఫీసర్ (కో పైలట్) లైన్ ట్రైనింగ్‌లో, అంటే ప్రయాణికులున్న విమానాల్లో శిక్షణలో, ఉన్నన్నాళ్లూ ఎడమ సీట్లో ట్రైనింగ్ కెప్టెన్ ఉండాలి, మొదట్లో వెనక జంప్ సీట్లో సేఫ్టీ పైలట్ కూడా. ట్రైనింగ్ కెప్టెన్లు ఎందరో కొత్తవాళ్లకు దారి అంతే. దానికి తోడు మార్కెట్ దెబ్బలు. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోయినప్పుడు అనుభవమున్న ఫస్ట్ ఆఫీసర్లు వందల్లో బయటికొచ్చారు. 200 గంటలవాళ్లు వరుసలో వెనక్కి వెళ్లిపోయారు. 2023లో ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్ల సమస్యతో విమానాలు నేల మీద ఉండిపోయినప్పుడూ అంతే. అదే ఏడాది ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాల ఆర్డర్లు ఇచ్చాయి. అదే ఏడాది డీజీసీఏ ఇచ్చిన సీపీఎల్‌లు 1,600 దాటాయి. విమానాలు వచ్చేది ఏళ్ల మీద, లైసెన్సులు వచ్చేది వెంటవెంటనే. ఇప్పుడు మీరు పడుతున్న ఎదురుచూపు ఈ తేడాలోంచి పుట్టిందే. ఇంకోవైపు, 2025లో అమల్లోకొచ్చిన కొత్త డ్యూటీ నిబంధనలు వారపు విశ్రాంతిని 36 నుంచి 48 గంటలకు పెంచి, రాత్రి ల్యాండింగ్‌లను తగ్గించాయి. అవే షెడ్యూళ్లు నడపాలంటే ఎక్కువమంది పైలట్లు కావాలి. ఆ ఏడాది డిసెంబర్‌లో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయినప్పుడు ఆ సంగతి దేశమంతా చూసింది. తలుపు మళ్లీ తెరుచుకుంటుంది. తెరుచుకున్న రోజు మీ తేదీలు సరిగ్గా ఉండాలి, అంతే.

ఏఎఫ్ఐ పని నిజంగా ఎలా ఉంటుంది

అసిస్టెంట్ ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్‌గా మీరు ఒక ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్ పర్యవేక్షణలో నేర్పుతారు. విద్యార్థిని మొదటి సోలోకి పంపే అధికారం మీకుండదు. నేర్పిన ప్రతి గంటా మీకు పీఐసీ గంటే. ఏటీపీఎల్‌కి (ఎయిర్‌లైన్ కెప్టెన్ స్థాయి లైసెన్స్‌కి) కావాల్సిన 1,500 గంటల వైపు ఇంత చవగ్గా, అదీ జీతం తీసుకుంటూ వెళ్లే దారి ఇంకోటి లేదు. విమానాలు బాగా తిరిగే బడిలో నెలకు 50, 60 గంటలు రావడం మామూలే. వానాకాలంలో అది సగానికి పడిపోతుంది, ఉత్తరాదిలో డిసెంబర్, జనవరి పొగమంచుకీ అంతే. చేరేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న జీతం కాదు: ఎగరగలిగే స్థితిలో ఎన్ని విమానాలున్నాయి, ఇన్‌స్ట్రక్టర్లు ఎందరు? రన్‌వే పక్కన పది విమానాలు కనబడతాయి, అందులో నాలుగింటికి ఇంజిన్ ఓవర్‌హాల్ బాకీ ఉంటుంది. రెండో ప్రశ్న: నెలకు ఖాయంగా ఇచ్చేదెంత, గంటకు ఇచ్చేదెంత, విమానం పాడైన నెలలో ఏమొస్తుంది?

హైదరాబాద్ వదలనంటే బేగంపేట ఒక్కటే మిగులుతుంది, అక్కడ ఖాళీలు తక్కువ. గోండియా, బారామతి, శిర్‌పూర్, ఫుర్సత్‌గంజ్, అలీగఢ్‌లలోని ఫ్లయింగ్ బడుల వైపు వెళ్లడానికి సిద్ధపడండి. ఎయిర్ ఇండియా 2024లో అమరావతిలో అకాడమీ పెడతామని ప్రకటించింది. మన అమరావతి కాదు, విదర్భలోది. ఆ వార్త చూసి గుంటూరులో ఇల్లు వెతికినవాళ్లు ఇంకా లేరనే అనుకుంటున్నాను.

రేటింగ్ శిక్షణలో కష్టమైనది ఎగరడం కాదు, ప్యాటర్. చేతులు ఒక పని చేస్తుంటే నోరు అదే పనిని, అదే క్షణంలో, తక్కువ మాటల్లో చెప్పాలి. స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) చూపిస్తున్నారనుకోండి. "ముక్కు పైకెత్తి పట్టుకున్నాను, వేగం తగ్గుతోంది, కంట్రోల్స్ మెత్తబడ్డాయి, హారన్ మోగింది, ఇదిగో వణుకు" అని మీరు చెప్పే మాటకూ విమానం చేసే పనికీ మధ్య సెకను తేడా వచ్చినా విద్యార్థి తప్పు నేర్చుకుంటాడు. ఇంట్లో కుర్చీలో కూర్చుని, ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటూ సాధన చేయండి. మొదటిసారి విన్నప్పుడు మీకే నవ్వొస్తుంది.

రెండో ఇబ్బంది కుడి సీటు. ఇన్నాళ్లూ ఎడమ సీట్లోంచి చూసిన రన్‌వే బొమ్మ వేరు. కుడి సీట్లో మీ కన్ను విమానం మధ్యగీతకు కుడివైపుంటుంది. ఇంజిన్ కవర్ నడిమిని రన్‌వే చివరికి కలిపి చూస్తే అంతా తిన్నగా ఉన్నట్టే కనిపిస్తుంది, నిజానికి ముక్కు కుడికి తిరిగి ఉంటుంది. దిగినప్పుడు చక్రాలు పక్కకి ఈడ్చుకుంటూ కీచుమంటాయి. మీ ముఖానికి తిన్నగా ఎదురుగా కవర్ మీద ఒక రివెట్టో గీతో ఎంచుకుని దాన్ని చూస్తూ తిప్పండి. ఐదారు ల్యాండింగ్‌లకి కుదురుతుంది. ఇక విద్యార్థి పదిహేను అడుగుల ఎత్తులోనే ఫ్లేర్ చేసి (దిగడానికి ముక్కెత్తి) వేగం చంపేసినప్పుడు మీ చేయి ఎక్కడుందన్నదే అసలు పరీక్ష. థ్రాటిల్ వెనక చేయి, యోక్ కింద తెరిచిన అరచేయి, రెండూ తాకకుండా. పట్టుకుంటే వాడు నేర్చుకోడు, దూరంగా ఉంటే మీకు అందదు.

చిన్న ఆపరేటర్లు

నాన్ షెడ్యూల్డ్ (చార్టర్) ఆపరేటర్ల జాబితా డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఎవరి దగ్గర ఏ విమానమో సహా. అందులోంచి కింగ్ ఎయిర్ బీ200, సీ90, పీసీ-12, సెస్నా క్యారవాన్ ఉన్నవాళ్లను ఏరుకోండి. బిజినెస్ జెట్‌లు, ప్రభుత్వ వీఐపీ విమానాలు పక్కన పెట్టండి. అక్కడ కనీస గంటలే వేలల్లో ఉంటాయి, బీమా కంపెనీ కూడా ఒప్పుకోదు. చిన్న టర్బోప్రాప్‌ల మీద కో పైలట్‌గా 200, 300 గంటలవాళ్లను తీసుకోవడం ఉంది, కానీ ప్రకటన పడదు. ఎవరో ఎయిర్‌లైన్‌కి వెళ్లిపోతారు, వచ్చే వారానికి మనిషి కావాలి, అప్పటికి ఎవరి కాగితం బల్ల మీదుంటే వాళ్లకే ఫోన్.

ఆ కాగితం ఒక్క పేజీ ఉండాలి. పైన మొత్తం గంటలు, పీఐసీ, మల్టీ ఇంజిన్ గంటలు. దాని కింద ఐఆర్ గడువు తేదీ, మెడికల్ గడువు తేదీ, ఇంగ్లిష్ లెవెల్, పాస్‌పోర్ట్ గడువు. ఎప్పటి నుంచి రాగలరు, ఎక్కడైనా ఉండగలరా. అంతే. బాల్యంలో విమానం చూసి ముచ్చటపడ్డ కథ వద్దు. హెచ్‌ఆర్‌కి కాకుండా డైరెక్టర్ ఆఫ్ ఆపరేషన్స్‌కి పంపండి, రెండు నెలలకోసారి మారిన గంటలతో మళ్లీ పంపండి.

షెడ్యూల్డ్ ఎయిర్‌లైన్లలోనూ పెద్ద పేర్లకే పరిమితం కాకండి. అలయన్స్ ఎయిర్, ఫ్లై91 ఏటీఆర్‌లు నడుపుతాయి, స్టార్ ఎయిర్ ఎంబ్రాయర్‌లు. ఏటీఆర్‌లో రోజుకు ఆరు సెక్టార్లు తిరిగినవాళ్ల చేతిలో ల్యాండింగ్ మీద వచ్చే పట్టు తర్వాత ఎక్కడికెళ్లినా పనికొస్తుంది.

ఏ ఆఫర్ మీదైనా సంతకం పెట్టే ముందు బాండ్ ఎన్నేళ్లో, మధ్యలో వదిలేస్తే కట్టాల్సిన మొత్తం నెలనెలా తగ్గుతుందో లేదో చూడండి. డీజీసీఏ 2017 నిబంధన ప్రకారం ఫస్ట్ ఆఫీసర్లకు నోటీసు కాలం ఆరు నెలలు, కమాండర్లకు ఏడాది. ఆ కాలాన్ని, బాండ్‌ని కలిపి చదవాలి. విడివిడిగా చదివితే రెండూ చిన్నవిగానే కనిపిస్తాయి.

విదేశం

అమెరికాలో 250 గంటల కమర్షియల్ పైలట్‌కి పనులున్నాయి: ఇన్‌స్ట్రక్టర్, పైప్‌లైన్ గస్తీ, ఏరియల్ సర్వే, స్కైడైవర్లను ఎక్కించడం. కానీ అవి పని చేసే హక్కున్నవాళ్లకు. ఎం-1 (వృత్తి శిక్షణ) వీసా మీద చదివితే నాలుగు నెలల చదువుకు ఒక నెల చొప్పున ఎంత చేసినా ఆరు నెలలకు మించి ప్రాక్టికల్ ట్రైనింగ్ రాదు. ఎఫ్-1 విద్యార్థి వీసా ఇచ్చే కాలేజీ ప్రోగ్రాములైతే ఏడాది ఓపీటీలో (చదువుకు సంబంధించిన పని చేసే అనుమతి) ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేసి గంటలు కూడగట్టుకోవచ్చు, అయితే అది చదువు మొదలుపెట్టే ముందు ఎంచుకోవాల్సింది. అక్కడి ఎయిర్‌లైన్లకు మామూలుగా 1,500 గంటలు కావాలి. గ్రీన్ కార్డు ఉన్న మన పిల్లల లెక్క వేరు, వాళ్లు అక్కడే ఉండటం మంచిది.

బోట్స్‌వానాలోని మౌన్‌లో సఫారీ క్యాంపులకు సెస్నా 206లు, క్యారవాన్‌లు నడిపే ఉద్యోగాలు తక్కువ గంటలవాళ్లకు పేరున్నవే. సొంత ఖర్చుతో వెళ్లి, అక్కడి లైసెన్స్‌కి మార్చుకుని, వర్క్ పర్మిట్ కోసం నెలలు ఆగాల్సి ఉంటుంది. 60 లక్షల అప్పుతో ఆ ఆట వద్దంటాను. గల్ఫ్ ఎయిర్‌లైన్లు అడిగేది వేల గంటలు, ఇప్పుడు ఆ ఫారాలు నింపి లాభం లేదు.

డబ్బు అడిగే ఉద్యోగాలు. ఇంటర్వ్యూ ఖాయం చేస్తాం, ఐదు లక్షలివ్వండి అనేవాళ్ల ఫోన్లు మీకు వచ్చే ఉంటాయి. ఎయిర్‌లైన్ సెలెక్షన్ కంప్యూటర్ పరీక్ష, సిమ్ చెక్ మీద నడుస్తుంది, మధ్యవర్తి అమ్మగలిగిందేమీ లేదు. కుడి సీట్లో కూర్చోవడానికి గంటకింత కట్టమనేది ఉద్యోగం కాదు.

రాతపరీక్ష, సిమ్ చెక్

మీరు రాతపరీక్షలో ఎందుకు పోయారో రాయలేదు. ఎక్కువమంది పోయేది సీపీఎల్ ప్రశ్నల బ్యాంకు బట్టీపట్టి ఏటీపీఎల్ స్థాయి పేపర్‌కి కూర్చోవడం వల్ల. జవాబు గుర్తుంటుంది, కారణం గుర్తుండదు. ఇంటర్వ్యూలో అదే ఇంకా బయటపడుతుంది. వాళ్లు ఏ320 గురించి అడగరు, మీరు నడిపిన విమానం గురించి అడుగుతారు. సెస్నా 172ఎస్ అన్నారనుకోండి. ఇంజిన్ ఏది? కార్బ్ హీట్ ఎందుకు లేదు? లైకమింగ్ ఐఓ-360, ఇంధనం ఇంజెక్షన్ ద్వారా వెళ్తుంది, మంచు పట్టే కార్బ్యురేటర్ గొంతు అందులో లేదు. ఇంధనం మొత్తం 56 గ్యాలన్లలో వాడుకోగలిగింది ఎందుకు 53 మాత్రమే? 2,550 పౌండ్ల బరువులో మాన్యువరింగ్ స్పీడ్ (కంట్రోల్ ఒక్కసారి పూర్తిగా తిప్పినా విమానం తట్టుకునే వేగం) 105 నాట్లు, బరువు తగ్గితే అది పెరుగుతుందా తగ్గుతుందా, ఎందుకు? నీళ్లున్న రన్‌వే మీద చక్రం తేలే వేగం ఎంత? టైరు పీడనం వర్గమూలాన్ని తొమ్మిదితో హెచ్చించాలి. మీ 172ఎస్ ప్రధాన చక్రాలకి 42 పీఎస్‌ఐ అంటే సుమారు 58 నాట్లు. 200 పీఎస్‌ఐ ఉండే జెట్ టైరుకి 127. ఈ రెండు అంకెలూ పక్కపక్కన చెప్పగలిగితే తర్వాతి ప్రశ్న తేలికగా వస్తుంది.

నోటి లెక్కలు రోజూ అరగంట చేయండి. 35,000 నుంచి 5,000 అడుగులకు దిగాలంటే వెయ్యికి మూడు మైళ్ల చొప్పున 90, వేగం తగ్గించుకోవడానికి ఇంకో పది, కాబట్టి వంద మైళ్ల ముందు దిగడం మొదలు. మూడు డిగ్రీల గ్లైడ్‌స్లోప్ (రన్‌వేకి దిగే వాలు) మీద గ్రౌండ్ స్పీడ్‌ని ఐదుతో హెచ్చిస్తే దిగే రేటు: 140 నాట్లకు నిమిషానికి 700 అడుగులు, ఎదురుగాలితో 120కి పడితే 600.

ఆ లెక్కే సిమ్ చెక్‌లో మిమ్మల్ని కాపాడుతుంది. ఫ్లైట్ డైరెక్టర్ (ఎటు తిప్పాలో తెర మీద చూపేది), ఆటోపైలట్ తీసేసి ఐఎల్‌ఎస్ (రేడియో సంకేతాలను పట్టుకుని దిగే అప్రోచ్) నడపమంటారు. తక్కువ గంటలవాళ్లు అందరూ ఒకే తీరులో తప్పుతారు. గ్లైడ్‌స్లోప్ సూది కొంచెం కిందికి జారగానే ముక్కు నాలుగు డిగ్రీలు దించేస్తారు, వేగం పెరుగుతుంది, థ్రస్ట్ లాగేస్తారు, సూది పైకి పోతుంది, మళ్లీ ముక్కు ఎత్తుతారు. అప్పటికి జెట్ ఇంజిన్ నిద్రలేవడానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది. 172లో చేతికి వెంటనే జవాబొచ్చేది, అరవై టన్నుల బరువు అలా కదలదు. సూదిని తరమడం మానేసి, పిచ్‌ని ఒక డిగ్రీ మార్చి, అంకె పట్టుకుని, రెండు మూడు సెకన్లు ఆగండి. లోకలైజర్‌కి (రన్‌వే మధ్యగీతను చూపే సంకేతానికి) ఐదు డిగ్రీలకు మించి హెడింగ్ మార్చకండి. రెక్కల కింద వేలాడే ఇంజిన్లకు థ్రస్ట్ పెంచితే ముక్కు పైకి లేస్తుందని, గో అరౌండ్‌లో (దిగకుండా మళ్లీ పైకెళ్లేటప్పుడు) అది బలంగా తెలుస్తుందని ముందే తలలో ఉంచుకోండి. ట్రిమ్ (కంట్రోల్ మీద చేతి బలం తగ్గించే సర్దుబాటు) సంగతి విమానాన్ని బట్టి: 737లో మీరే చేసుకోవాలి, ఏ320 తనే చేసుకుంటుంది. ఏ సిమ్యులేటర్‌లో చెక్ ఉంటుందో కాల్ లెటర్‌లో ఉంటుంది. అదే రకం సిమ్యులేటర్‌లో నాలుగు గంటల స్లాట్‌ని ఇంకొకరితో పంచుకుని, చెక్‌కి వారం లోపల చేసుకోండి. నెల ముందు చేస్తే చేతిలో మిగలదు, ముందురోజు చేస్తే తప్పులు దిద్దుకునే సమయం ఉండదు.